పోస్టాయన పోయాడు

‘అడవి పోస్టు’ అనే మా బొమ్మల పుస్తకం ఎందుకు ఆగిపోయిందని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. జాకెట్టు కొలతలకు వచ్చినవాళ్ళు చేతులు ఎత్తి నిలబడి మరీ అడుగుతారు. అప్పుడు నా పెదాల మధ్య గుండుసూదులు ఉంటాయి, జవాబు చెప్పలేను. ప్రెస్ భాయ్‌ని అడిగితే పెయింటర్ మొండితనం వల్ల ఆగిందంటాడు. పెయింటర్‌ని అడిగితే, "అక్కనడుగుర్రి, ఆమెకే తెలుసు" అంటాడు. హాస్టల్ పిల్లలైతే హీరో చచ్చిపోయాడు కాబట్టి ఆగిందంటారు. ఈ చివరి మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. హీరో చావలేదు. నాలుగు సంచికల్లో ఎక్కడా చావలేదు. అందుకే జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళకు ఈ కాయితాలు చేతికిచ్చి నా కుట్టుపని నేను చేసుకుంటాను.

భద్రాచలంలో నా కుట్టు షాపుకు ఎదురుగా భాయ్ ప్రెస్ ఉంది. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళ శుభలేఖలు అక్కడే అచ్చవుతాయి. యంత్రం భాయ్ చూసుకుంటాడు, కంప్యూటర్ మీద అక్షరాలు ఆయన భార్య కొడుతుంది. ఆమెను నేను భాభీ అంటాను. ముహూర్తాలు ఉన్నన్నాళ్ళూ ఇద్దరికీ అన్నం తినే తీరిక ఉండదు. మూఢం వచ్చిందంటే మాత్రం పెళ్ళిళ్ళు ఉండవు, కార్డులు ఉండవు. భాయ్ యంత్రం మీద గుడ్డ కప్పేసి నా షాపు ముందు కుర్చీ వేసుకుంటాడు. అట్లా ఒక మూఢంలో, ఖాళీగా కూర్చోలేక, పిల్లలకు బొమ్మల కథల పుస్తకం వేద్దామన్నాడు.

"కామిక్ బుక్ చెల్లె! మన దిక్కు ఎవ్వరూ వెయ్యలే. సిటీ నుంచి వచ్చేటియన్నీ సిటీ పిల్లల ముచ్చట్లే. మన పోరగాండ్లకు మన అడవి, మన గోదారి ఉండాలె. నెలకొక్కటి ఏద్దాం."

"నెలకొకటా? మూఢం అయిపోయినంక?"

"అరే, ముందు షురూ చెయ్యనియ్యి. పొద్దుగాలనే మూఢం ముచ్చట తీస్తవేంది?"

నేను తీయకపోయినా అది ఉండనే ఉంది. ఆ పుస్తకం మూఢంలో పుట్టింది, ముహూర్తాలు వచ్చినప్పుడల్లా మూలన పడింది. నెలకొకటి అన్నది రెండేళ్ళలో నాలుగే అయింది.

బొమ్మలు వేసింది పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చాక షాపు బోర్డులు రాయించుకునేవాళ్ళు తగ్గిపోయి, బడి గోడల మీద అక్షరమాల, ఆటోల వెనక చిలకలు వేసుకుంటూ నెట్టుకొస్తున్న మనిషి. అతనిది చర్ల అవతల అడవి పల్లె. వాళ్ళ నాయన ఆ చుట్టుపక్కల ఊళ్ళకు ముప్పై ఏళ్ళు ఉత్తరాలు మోసి రిటైర్ అయ్యాడు. కాబట్టి హీరోగా పెయింటర్ ఎవరిని వేశాడో చెప్పనక్కర్లేదు. ఖాకీ చొక్కా, కిందికి వాలిన మీసం, నల్ల గొడుగు, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు. పుస్తకం పట్టుకుని ఆ పల్లెకు పోతే ఎవరైనా ఇల్లు చూపిస్తారు, అంత పోలిక. ఒక్కో సంచికలో ఒక్కో ఉత్తరం, అది చేరే దారి. ఎలుగుబంటి ఎదురవుతుంది, బండి బురదలో దిగబడుతుంది, సంతలో సంచి మారిపోతుంది. చివరికి ఉత్తరం చేరుతుంది. అంతే కథ. నేను గ్రంథాలయంలో చాలా దేశాల కథలు చదివాను, అంతే కథ ఉన్నవాటినే మళ్ళీ మళ్ళీ చదివాను కూడా. అందుకే పెయింటర్ మొదటిసారి పెన్సిల్ బొమ్మలు తెచ్చి నా కుట్టు మిషన్ మీద పరిస్తే, కుడుతున్న లంగా పక్కన పడేసి చూశాను.

నా పని మాటలు దిద్దడం. భాయ్ నన్నే ఎందుకు పిలిచాడంటే, బజారులో తప్పుల్లేకుండా తెలుగు రాసే మనిషిని నేనని పేరు. ఏడో తరగతితో నా బడి అయిపోయింది. మిగిలినదంతా శాఖా గ్రంథాలయం చెప్పింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. ఇప్పుడక్కడ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు కుర్చీలన్నీ పట్టుకుంటారు కానీ, నేను మొదలుపెట్టిన రోజుల్లో మధ్యాహ్నం పూట ఫ్యాను కింద నేనొక్కదాన్నే. నిఘంటువులు అక్షరం అక్షరం చదివాను. వ్యాకరణం రెండుసార్లు చదివాను, రెండోసారి కొంచెం అర్థమైంది. బండి ‘ఱ’ ఎక్కడ రావాలో, ఎక్కడ పోయిందో చెప్పగలను. శుభలేఖల్లో ‘సుముహుర్తము’ అని పడితే భాభీని లేపి దీర్ఘం పెట్టించేది నేనే.

మొదటి సంచిక నుంచే చికాకులు. అట్ట మీద, బొమ్మ పైన, సరిగ్గా మధ్యలో, ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ అని పడింది. భాభీ చేతికి అలవాటు. కొత్త పేజీ తెరిస్తే ముందు అది కొట్టేస్తుంది. ఎలుగుబంటి నోరు తెరుచుకుని మీదికి వస్తుంటే దాని తల పైన శుభమస్తు. కాయితాలు మిగిలినవి వాడాడేమో, రెండో సంచిక లోపలి పేజీలకు గులాబీ రంగు అంచు వచ్చింది. భాయ్‌ని అడిగితే, "అందంగ లేదా?" అన్నాడు. అడవి మధ్యలో పోస్టాయన నడుస్తున్నాడు, చుట్టూ పెళ్ళి కార్డు లతలు. నేను ఇంకేం మాట్లాడను?

అయినా నా పెద్ద గొడవ భాయ్‌తో కాదు, పెయింటర్‌తో. అతను మాటల బుడగల్లో తను మాట్లాడినట్టే రాసేవాడు. పోస్టాయన ‘నేనొచ్చిన’ అంటాడు, ‘గట్లెట్లయితది’ అంటాడు. నేను ఎర్ర పెన్ను తీసుకుని ‘నేను వచ్చాను’, ‘అలా ఎలా అవుతుంది’ అని దిద్దేదాన్ని.

"అక్కా, మా నాయన గిట్ల మాట్లాడడు."

"మీ నాయన ఇంట్లో ఎట్లన్నా మాట్లాడుకోనీ తమ్మీ. ఇది అచ్చయ్యే పుస్తకం. రేపు ఖమ్మంలో చదువుతారు, రాజమండ్రిలో చదువుతారు."

"రాజమండ్రిల ఎవరు చదువుతరక్కా? పర్ణశాల కాడ బొమ్మల దుకాణంలనే దుమ్ము కొట్టుకపోయి ఉన్నయి."

"అందుకే భాష బాగుండాలి."

దానికి అతను బొమ్మలు సర్దుకుని వెళ్ళిపోయేవాడు. అంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని నాకు తెలుసు కానీ, పెన్ను నా చేతిలో ఉంది. రెండో సంచిక చదివి హాస్టల్ పిల్లలు, "పోస్టాయన టీవీల వార్తలు చదివినట్టు మాట్లాడుతుండు" అని నవ్వారట. పెయింటర్ ఆ మాట నాకు చెప్పి ఊరుకోలేదు, నేను టీ తాగినన్ని సార్లు చెప్పాడు. పిల్లలకు మంచి తెలుగు ఎవరో ఒకరు నేర్పాలి కదా అని నేను. మూడో సంచికకు మరింత పట్టుగా దిద్దాను. ‘ఇండు’ అని ఉన్నచోటల్లా ‘ఆడు’. వచ్చిండు, వచ్చాడు. చూసిండు, చూశాడు. ఇందులో ఆలోచించేందుకు ఏముంది? చెయ్యి దానంతట అదే పోయేది.

నాలుగో సంచిక కథ వానాకాలంలో జరుగుతుంది. వాగు అవతల ఒక అవ్వకు కొడుకు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వాగు పొంగింది. పోస్టాయన ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి తలపాగాలో దోపుకుని నీళ్ళలోకి దిగుతాడు. చివరి పేజీ మొత్తం ఒకటే బొమ్మ. ఒడ్డు మీద పడవతను నిలబడి ఉన్నాడు. నీళ్ళ మీద నల్ల గొడుగు తేలుతోంది. పడవతని నోటి దగ్గర బుడగ. ‘పోస్టాయన పోయిండు!’ అని పెయింటర్ రాశాడు. అంత వాగునూ దాటి అవతలికి వెళ్ళిపోయాడని, పడవతనికే ఆశ్చర్యం వేసిందని అతని ఉద్దేశం. కింద, తరువాయి ఐదో సంచికలో.

నేను ‘పోయాడు’ అని దిద్దాను.

భాభీ ఆ పేజీ కొడుతూ ఆగింది. ఆమె ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. తెలుగు అక్షరాలు కంప్యూటర్ మీదే నేర్చుకుంది. కానీ ఆమె చెవికి ఏదో తగిలింది.

"అక్కా, గిది ‘పోయాడు’ అనే కొట్టాల్నా? వింటే ఎట్లనో ఉంది."

"పుస్తకంలో అట్లనే ఉంటది భాభీ. కొట్టు."

కొట్టింది.

నాకు రాని మాట అయితే దుఃఖం ఉండేది కాదు. కోస్తా వైపు ఎవరైనా ‘ఫలానాయన పోయాడు’ అంటే ఏమిటో నాకు తెలీదా? మా షాపుకు రాజమండ్రి నుంచి వచ్చే బట్టల ఏజెంటు వాళ్ళ మామ చనిపోయినప్పుడు ఆ మాటే అన్నాడు. నేను అయ్యో అన్నాను కూడా. భద్రాచలంలో రెండు రకాల మాటలూ కలిసి తిరుగుతాయి. ఏ మాట ఏ ఒడ్డుదో చిన్నప్పటి నుంచి అందరికీ తెలుసు. తెలిసీ, ‘వెళ్ళాడు’ అని రాయకుండా, ‘ఇండు’ కొట్టేసి ‘ఆడు’ పెట్టేశాను.

పుస్తకం వచ్చిన రెండు వారాలకు హాస్టల్ వార్డెన్ జాకెట్టు తీసుకోవడానికి వచ్చి, పిల్లలు అన్నాలు సరిగా తినడం లేదని, అంత మంచి మనిషిని ఎందుకు ముంచేశారని నన్ను నిలదీసింది. ముంచలేదని చెప్పాను. ఆమె చివరి పేజీ తెరిచి వేలు పెట్టి చూపించింది. గొడుగు తేలుతోంది. పడవతను తల మీద చేతులు పెట్టుకున్నాడు. పైన ఆ మాట. ఆ నిమిషంలో నేను మొదటిసారి ఆ పేజీని చదివాను. అంతకుముందు దిద్దాను, అంతే.

సాయంత్రం పెయింటర్ వచ్చాడు. వస్తూనే పుస్తకం నా మిషన్ మీద పడేశాడు.

"పోయిన వారం మా వియ్యంకులొచ్చిర్రంట అక్కా. తెల్ల తువ్వాలలేసుకొని, నలుగురు. ఇంటి ముందట మా నాయన మంచం అల్లుకుంట కూసున్నడు. ‘ఎవరు పోయిర్రు’ అని మా నాయన వాళ్లనడిగిండు. ‘నువ్వే’ అన్నరంట."

నవ్వు వచ్చింది. అతని మొహం చూసి మింగాను.

"తల మీద చేతులెందుకు పెట్టించావు మరి?"

"ఆశ్చర్యం అక్కా అది! గంత వాగు దాటిండని ఆశ్చర్యం!"

"గొడుగెందుకు తేల్చావు?"

"చెయ్యి జారింది. ఐదో దాంట్ల తడుసుకుంట పోతడు గదా, అందుకు. నేను ‘పోయిండు’ అని రాసిన. పోయాడని నేన్రాయలే."

నిజమే, రాయలేదు. వాళ్ళ నాయన ఫోన్‌లో అన్న మాటలు చెప్పాడు. ముప్పై ఏళ్ళు ఆయన చావు కార్డులు మోశాడు. ఇంటింటికీ పోయి చదువు రానివాళ్ళకు చదివి వినిపించాడు. కోస్తా నుంచి వచ్చే కార్డుల్లో ‘బాబాయి పోయాడు, వెంటనే బయలుదేరి రావలెను’ అనే ఉంటుంది. ఆ ఊళ్ళో ఇంటి మాట తెలుగు కాదు. వాళ్ళకు తెలుగు చాలావరకు ఆయన నోటి ద్వారా ఉత్తరాల్లోంచి వచ్చింది. అటువంటి మనిషి బొమ్మ మీద, ఆయన చదివి చదివి అరిగిపోయిన ఆ మాటే అచ్చయి వచ్చింది. ఊరంతా ఆ పుస్తకం చూసింది. అపశకునం అన్నవాళ్ళు ఉన్నారు. ఆయన కూడా నాలుగు రోజులు నవ్వి, ఐదో రోజు నుంచి ఇల్లు దాటడం మానేశాడు.

"అచ్చుల పోయినోన్ని అచ్చులనే బతికియ్యాలె అంటుండు. గప్పటిదాంక నన్ను ఊరికి రావద్దన్నడు."

"ఫోన్‌లో చెప్పరాదా, తప్పు పడిందని?"

"చెప్పిన. నోటి మాట ఎవడు నమ్ముతడు, కాయితం తే అంటుండు."

అప్పటికి ఐదో సంచిక పదహారు పేజీలూ అతను గీసి పెట్టాడు. పోస్టాయన అవ్వ ఇంటికి చేరతాడు, ఉత్తరం చదివి వినిపిస్తాడు. అచ్చు వేస్తే చాలు. నేనే వెళ్ళి భాయ్‌ని అడిగాను.

"ముహూర్తాలు చెల్లె. నిలబడనీకి జాగ లేదు చూడు. మూఢం రానియ్యి."

"మూఢం ఎప్పుడు వస్తుంది?"

"అది నన్నడుగుతవేంది, పంతులునడుగు."

మూడు నెలలు. ఈ మూడు నెలలూ పెయింటర్ ఊరికి పోలేదు. చెల్లెలి ఇంట్లో పుట్టువెంట్రుకలు తీస్తే పోలేదు. భాయ్ గడప తొక్కినప్పుడల్లా పెళ్ళివాళ్ళు ఎవరో ఒకరు కార్డు రంగు గురించి కొట్టుకుంటూ ఉండేవాళ్ళు. మెరూనా, ముదురు ఎరుపా అని గంటసేపు. నేను ఓపిక ఉన్న మనిషినే, లేకపోతే వ్యాకరణం రెండుసార్లు చదవను. కానీ ఒకరోజు మెరూన్ కూడా ఎరుపేనని గట్టిగా అనేశాను, ఆ పెళ్ళివాళ్ళు ఇప్పటికీ నా దగ్గర జాకెట్లు కుట్టించుకోరు.

ఇట్లా ఉండగా మూఢం వచ్చింది. భాయ్ తనే పరుగెత్తుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చెల్లె, ఐదో బుక్ ఏస్తున్నం! హాస్టల్ పోరగాండ్లు అడుగుతుర్రు. బస్టాండ్ దుకాణమాయన అడుగుతుండు. అందరు ఒక్కటే మాట. పోస్టాయన దయ్యమయ్యి వస్తడా అని!"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"వాగుల పోయిండు గదా. దయ్యమయ్యి ఉత్తరాలు పంచుతడు. ‘దయ్యం పోస్టు’! గాలిల తేలుకుంట పోతడు, రోడ్డు లేకున్న పర్వాలేదు. సూపర్ గుంటది. ఆరో బుక్, ఏడో బుక్, ఎన్నన్న ఏసుకోవచ్చు. పెయింటర్‌కు చెప్పు, కాళ్ళు తీసేసి పొగ వెయ్యాలె, గంతే."

నాలుగు సంచికల్లో ఈ మనిషి ఇంత ఉత్సాహంగా మాట్లాడింది ఇదే మొదటిసారి. పెయింటర్ పక్కనే ఉన్నాడు.

"మా నాయన్ను దయ్యం చెయ్యాల్నా భాయ్?"

"మీ నాయన గాదు తమ్మీ, హీరో."

"హీరో మా నాయననే."

"అరే, కథ అది!"

"కథనే గనక వియ్యంకులెందుకొచ్చిర్రు?"

భాయ్ చెడ్డవాడు కాదు. పిల్లలు అడుగుతున్నది వేస్తానన్నాడు, ప్రెస్ నడిపే మనిషి అంతకంటే ఏం చేస్తాడు? బతికిన పోస్టాయనను ఎవరూ అడగడం లేదని కూడా నిజమే చెప్పాడు. పెయింటర్ తన పదహారు పేజీలు చుట్ట చుట్టుకుని లేచిపోయాడు. ఇద్దరూ నా వైపు చూశారు, పెద్దమనిషి తీర్పు చెబుతుందన్నట్టు. నాకు ఇద్దరినీ చెరొక దెబ్బ వేయాలనిపించింది. దయ్యమైతే పుస్తకం బతుకుతుంది, మనిషి పోతాడు. నేను దయ్యానికి మాటలు దిద్దనన్నాను. ‘అడవి పోస్టు’ అక్కడితో ఆగిపోయింది. ఇదీ కారణం. కావాలంటే ముగ్గురి మొండితనం అని రాసుకోండి.

కానీ ముసలాయన ఇంకా చచ్చిపోయే ఉన్నాడు.

దారి చూపించింది భాభీ. మూఢం పోగానే జరగబోయే ఒక పెద్ద పెళ్ళి కార్డు అచ్చు వేశాక షీటు పక్కన జానెడు వెడల్పున కాయితం మిగులుతోందని, మామూలుగా కోసి పారేస్తామని, దాంట్లో ఒక పేజీ పడుతుందని అన్నది. నలభై వస్తాయంది. భాయ్‌కు చెప్పిందో లేదో నేను అడగలేదు. పెయింటర్ తన పదహారు పేజీల్లోంచి మూడు బొమ్మలు ఏరి ఒక్క పేజీలో పేర్చాడు. వాగు తగ్గింది. అవ్వ గడపలో నిలబడి, ‘నువ్వు పోయినవన్నరు గదయ్యా!’ అంటుంది. పోస్టాయన తలపాగాలోంచి ఉత్తరం తీసి, ‘నీ ఉత్తరం ఇయ్యకుండ యాడికి పోతనవ్వా’ అంటాడు. ఈ మాటల్లో నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. కింద మాత్రం ఒక వాక్యం చేర్చాను, అది నా బాధ్యత: ‘సవరణ: నాలుగో సంచిక చివరి పేజీలో పోస్టాయన పోయాడు అని ఉన్నచోట పోస్టాయన పోయిండు అని చదువుకోగలరు.’ గ్రంథాలయంలో పెద్ద పెద్ద పుస్తకాల చివర తప్పొప్పుల పట్టికలు ఉంటాయి. తప్పు ఒప్పుకోవడానికి ఒక పద్ధతి ఉంది.

ఇద్దరం పొద్దున్నే బస్సులో చర్ల పోయాం, అక్కణ్ణుంచి ఆటో. రోడ్డు సంగతి రాయను. పోలీసు క్యాంపు దగ్గర ఆటో ఆపి సంచులు చూశారు. నా సంచిలో ఒకే రకం కాయితాలు నలభై. ఆ దారిలో అచ్చు కాయితాలు కట్టగా మోసుకుపోతే అడగకుండా వదలరు.

"ఏం కరపత్రాలమ్మా ఇవి?"

"కరపత్రాలు కావు సార్. సవరణ."

అతను మొత్తం చదివాడు. కింద వాక్యం రెండోసారి చదివాడు.

"ఇంతకీ ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు సార్. అదే రాశాం."

"పోయిండు అని రాశారుగా?"

పెయింటర్ తన ఫోన్‌లో వాళ్ళ నాయన ఫోటో చూపించాడు, కాయితం మీది మీసమూ చూపించాడు. ఆటోలో ఉన్నవాళ్ళందరూ దిగి వచ్చి తలా ఒక మాట చెప్పారు. అరగంటకు వదిలారు. చదువుకున్న మనిషి, సవరణ చదివాక కూడా, ఎవరు పోయారని అడిగాడు.

ముసలాయన ఇంటి ముందే ఉన్నాడు. కొడుకును చూసి పలకరించలేదు. నాకు మంచం చూపించి కూర్చోమన్నాడు.

"నువ్వేనా బిడ్డా, మాటలు దిద్దేది?"

"అవునండి."

కాయితం అందుకుని, దూరంగా పట్టుకుని, గట్టిగా పైకి చదివాడు. ఉత్తరాలు చదివి చదివి వచ్చిన గొంతు అది, పక్కింటివాళ్ళకు వినబడుతుంది. అవ్వ మాట చదివాడు, పోస్టాయన మాట చదివాడు, మీసం కింద కొంచెం నవ్వాడు. పెయింటర్ ఊపిరి వదలడం నాకు వినబడింది. తర్వాత కింద వాక్యం చదివాడు. ఆగిపోయాడు.

"గిదేంది? ఆడ పోయాడు. ఈడ పోయిండు. ఒక్కపారి చాలదని రెండోపారి గూడ పంపిర్రా నన్ను?"

"అట్లా కాదండి. పోయిండు అంటే వెళ్ళాడని..."

"నాకు చెప్తవా బిడ్డా? పోయిండన్నా పోయాడన్నా మనిషి ఈడ లేడు. గంతే గదా?" కొడుకు వైపు తిరిగాడు. "నువ్వేం రాసినవ్ర ముందుగాల?"

"పోయిండు అనే నాయనా."

"నీ తెలివి గూడ గంతే ఉంది. ముప్పై ఏండ్లు ఆ వాగు దాటిన. దాటేటప్పుడు పడవోనితోని ఏమంటర్ర? పోతున్న అంటరా ఎవరన్న? ఇంట్ల నుంచి ఎల్లేటప్పుడు మీ అమ్మతోని పోతున్న అన్ననా ఏనాడన్న?"

పెయింటర్ తల దించుకున్నాడు.

"పోయొస్త అంటరు. పడవోడు ఏం చెప్పాలె మరి? ‘పోస్టాయన పోయొస్తనన్నడు’ అని చెప్పాలె. వాగు గాదు, సముద్రం అడ్డమున్నా వచ్చేటోడే అని చదివినోనికి సమజయితది."

ఆ మాట నేను రోజూ అంటాను. షాపు మూసేటప్పుడు భాభీతో అంటాను, గ్రంథాలయం మెట్లు దిగేటప్పుడు అంటాను. గడప దాటుతూ ‘పోతాను’ అన్నందుకు మా అమ్మ చేత చిన్నప్పుడు మొట్టికాయ తిన్నాను. పెయింటర్‌తో రెండేళ్ళు ‘ఇండు’ అని ఒకరు, ‘ఆడు’ అని ఒకరు కొట్టుకున్నాం. ఉండాల్సిన మాట రెండింటిలోనూ లేదు. సిగ్గుగా ఉంది, దానికంటే ఎక్కువ కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియని కోపం.

"బాగుందండి. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు అట్లానే వేయిస్తాను" అన్నాను, లేవబోతూ.

"మళ్ల ఎప్పుడు?"

మూఢం అయిపోవచ్చిందని నాకు తెలుసు, పెయింటర్‌కు తెలుసు. మొహాలు చూసి ఆయనకూ తెలిసిపోయింది.

"కూసో. పెన్ను ఉందా?"

ఉంది. నలభై కాయితాలూ మంచం మీద పెట్టించాడు. ప్రతి దాని మీదా ‘పోయిండు’ కొట్టేసి పైన ‘పోయొస్తనన్నడు’ అని రాయాలి. చేతిరాత ఎందుకు, ఒకదాని మీద రాసి ఊళ్ళో చూపిస్తే సరిపోదా అన్నాను. ఇంటికొక్కటి ఇస్తానన్నాడు, వియ్యంకులకు నాలుగన్నాడు. పెయింటర్ నేను రాస్తా నాయనా అంటే, నువ్వొద్దు, దిద్దింది ఆమెనే గదా, ఆమెనే రాయాలె అన్నాడు. వంటింట్లోంచి ఎవరో టీ తెచ్చారు. తాగడానికి చెయ్యి ఖాళీ లేదు. మూడు గంటల బస్సు మా కోసం ఆగదని కొడుకు చిన్నగా గుర్తు చేస్తే, రేపు కూడా బస్సు ఉంటదన్నాడు.

నేను రాసినవి ఒక్కొక్కటే అందుకుని, దూరంగా పట్టుకుని చదివి, పక్కన పెడుతున్నాడు. పదకొండో పన్నెండో కాయితం దగ్గర ఆగి, నా వైపు తిప్పి చూపించాడు.

"స కింద త ఒత్తు కనబడతలే. పోయొస అని చదువుతరు. మంచిగ రాయి."

పెన్ను మళ్ళీ తెరిచి, ఒత్తు పెట్టాను.